చిన్న హాల్లో మెల్విన్స్ షోకి వెళ్లే ముందు

మెల్విన్స్, హెల్మెట్, డైనోసార్ జూనియర్ లాంటి హోరెత్తించే అమెరికన్ రాక్ బ్యాండ్లు మూడు నాలుగొందల మంది పట్టే క్లబ్బులో వాయిస్తున్నాయంటే టికెట్ కొనకుండా ఉండలేం. మెల్విన్స్ 1983లో వాషింగ్టన్ రాష్ట్రంలో మాంటిసానో అనే చిన్న ఊళ్లో మొదలైంది. 2012లో వాళ్లు 51 రోజుల్లో 51 షోలు చేశారు. 50 రాష్ట్రాలు, ఆపైన వాషింగ్టన్ డీసీ. వాళ్ల గాయకుడు, గిటారిస్టు బజ్ ఆస్‌బోర్న్‌కి ఇప్పుడు అరవై దాటాయి, గిటార్ మోత మాత్రం తగ్గలేదు. అమెరికాకి చదువుకో ఉద్యోగానికో వచ్చి, తొలిసారి ఇలాంటి షోకి వెళ్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెవులు. స్టేడియంలో శబ్దం పైన వేలాడే స్పీకర్ల నుంచి, దూరం నుంచి వస్తుంది. చిన్న క్లబ్బులో స్టేజీ నడుమెత్తు కూడా ఉండదు. గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) నేరుగా ముందువరస ముఖాలకేసి చూస్తుంటుంది. డ్రమ్స్‌కి అసలు మైకే అక్కర్లేదు. డైనోసార్ జూనియర్‌లో గిటారిస్టు జె మాస్కిస్ వెనకాల మనిషెత్తు మార్షల్ కంపెనీ ఆంప్‌లు నిలబెట్టి ఉంటాయి, వాటి ఎదురుగా నిలబడ్డవాళ్లకి పాట వినిపించకముందే ఛాతీ అదురుతుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగమైపోతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. ఇలాంటి షోల్లో 100 దాటడం మామూలే, అదీ రెండు మూడు బ్యాండ్లు వరసగా వాయించే రాత్రి.

నా మొదటి షోకి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ లేకుండా వెళ్లి బాస్ ఆంప్ ముందు గంటన్నర నిలబడ్డాను. ఇంటికొచ్చేసరికి చెవులు దిబ్బడ వేశాయి. పడుకుంటే సన్నగా కీచుమని ఒకటే మోత. మూడోరోజుకి తగ్గింది, కానీ తగ్గితే అంతా బాగయిపోయినట్టు కాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

మందుల షాపులో దొరికే మెత్తటి ఫోమ్ ప్లగ్స్ చాలు, కానీ చాలామంది వాటిని సగమే దూరుస్తారు. ప్లగ్‌ని వేళ్ల మధ్య వత్తి, ముడతలు లేకుండా సన్నటి వత్తిలా చుట్టండి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి, అప్పుడు దారి తిన్నగా అవుతుంది. లోపలికి పెట్టి వేలితో అరనిమిషం ఆపండి, అది మెల్లగా ఉబ్బి పట్టుకుంటుంది. మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తే సరిగ్గా కుదిరినట్టు. పాట మసకబారుతుందని బాధ ఉంటే సంగీతం కోసమే చేసిన రబ్బరు ప్లగ్స్ కొనుక్కోండి, అవి అన్ని స్వరాల్నీ సమానంగా తగ్గిస్తాయి. ప్లగ్స్ పెట్టుకోవడం నామోషీ అనుకోకండి. మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బ్యాండ్ వాళ్లు 2008లో మళ్లీ షోలు మొదలుపెట్టినప్పుడు జనానికి ప్లగ్స్ పంచిపెట్టారు.

నిలబడటానికి నాకు తెలిసిన మంచి చోటు సౌండ్ ఇంజనీర్ బల్ల పక్కన. గొంతు, గిటార్, డ్రమ్స్ అన్నీ కలిసిన శబ్దం అక్కడే కుదురుగా వినిపిస్తుంది. ముందుకెళ్లాలనిపిస్తే ఆంప్‌కి సూటిగా కాకుండా పక్కకి నిలబడండి.

లోపలికి వెళ్లగానే రెండో తలుపు ఎక్కడుందో చూసి పెట్టుకోండి. 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో, గ్రేట్ వైట్ బ్యాండ్ వాయిస్తుండగా స్టేజీ మీది బాణసంచా గోడలకి అతికించిన ఫోమ్‌కి అంటుకుని 100 మంది చనిపోయారు. చాలామంది తాము వచ్చిన తలుపుకేసే పరుగెత్తి అక్కడ ఇరుక్కుపోయారు.

పిట్‌లోకి, అంటే స్టేజీ ముందు జనం ఒకరినొకరు తోసుకుంటూ గంతులేసే చోటికి, దిగితే కళ్లజోడు జేబులో పెట్టుకోండి, లేసులు గట్టిగా బిగించిన బూట్లు వేసుకోండి. ఎవరైనా పడిపోతే వెంటనే చేయిచ్చి లేపడం అక్కడి పద్ధతి, మీరు పడినా అలాగే లేపుతారు. ఊపిరాడకపోతే మొహమాటపడకుండా పక్కకి వచ్చేయండి. గంటల తరబడి నిలబడే పని కాబట్టి తిని వెళ్లండి, మధ్యమధ్య నీళ్లు తాగండి. కొన్ని క్లబ్బుల్లోకి 21 ఏళ్లు నిండినవాళ్లనే రానిస్తారు. మన డ్రైవింగ్ లైసెన్సు గుమ్మం దగ్గర చెల్లకపోవచ్చు, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి.

తెల్లారాక చెవిలో మోత ఉంటే రెండు రోజులు ఇయర్‌ఫోన్స్ జోలికి పోకండి. అప్పటికీ తగ్గకపోతే చెవి డాక్టర్‌కి చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. దానికిచ్చే స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి.