రీబిల్డ్ చేసిన కారు ఇంజిన్‌లో ఆయిల్ ప్రెజర్ తక్కువగా ఉంటే లోపాన్ని వెతికే పద్ధతి

ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు వేసి బిగించిన తరువాత మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు, 10 సెకన్లు గడిచినా ఆయిల్ లైటు ఆరకపోతే ఇంజిన్‌ను వెంటనే ఆపివేయాలి. కాసేపు తిరిగితే అదే సర్దుకుంటుందని రేసు పెంచి చూడడం ఈ పనిలో జరిగే అతి ఖరీదైన పొరపాటు. ఆయిల్ అందని కొత్త బేరింగు ఉపరితలం చాలా తక్కువ సమయంలోనే గీసుకుపోతుంది. అప్పటివరకు ఒక చిన్న ఓ రింగుతో పోయే పని, ఆ తరువాత మళ్లీ క్రాంక్ గ్రైండింగ్ దాకా వెళ్తుంది.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టంగా ఉండాలి. ఆయిల్ పంపు ప్రెజర్‌ను పుట్టించదు, ఆయిల్‌ను ముందుకు తోస్తుంది, అంతే. తోసిన ఆయిల్ బేరింగుల దగ్గరి ఇరుకు సందుల గుండా పోవలసి రావడం వల్లనే ప్రెజర్ ఏర్పడుతుంది. కాబట్టి ప్రెజర్ పడిపోయిందంటే పంపుకు ఆయిల్ సరిగా అందకపోవడమో, అందిన ఆయిల్ ఎక్కడో సులువుగా కారిపోవడమో, ఆయిలే పలుచబడడమో జరిగి ఉండాలి. ఇది తెలియకుండా మొదటి అనుమానంతోనే పంపు మార్చేవారు చాలామంది ఉంటారు. నా అనుభవంలో కొత్త పంపు నేరం చేసిన సందర్భాల కంటే దాని మీద అనవసరంగా నేరం మోపిన సందర్భాలే ఎక్కువ.

అన్నిటికంటే ముందు, ప్రెజర్ నిజంగా తక్కువగా ఉందో లేదో తేల్చుకోవాలి. డ్యాష్‌బోర్డు మీది ముల్లును నమ్మకుండా, బ్లాకుకు బిగించిన ఆయిల్ ప్రెజర్ స్విచ్చును విప్పి, ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి చూడాలి. ఒకే వైరు ఉండే సెండర్లకు (డ్యాష్‌బోర్డు గేజ్‌కు ప్రెజర్ సంగతి పంపే భాగాలకు) ఎర్త్ మర మీదుగానే అందుతుంది కనుక, లీకు కాకూడదని మర చుట్టూ మందంగా టెఫ్లాన్ టేపు చుడితే ఆ ఎర్త్ తెగిపోయి, గేజ్ తప్పుడు లెక్క చూపించవచ్చు. ఎంత ప్రెజర్ ఉండాలన్నది ఆ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ చెప్పాలి. మాన్యువల్ దొరకనప్పుడు, ఇంజిన్ బాగా వేడెక్కిన తరువాత ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ, అంటే 0.7 బార్, ఉండాలన్న పాత లెక్కను కేవలం ఉజ్జాయింపుగా వాడుకోవచ్చు. వేడి మీద ఐడ్లింగ్‌లో 1 బార్ కంటే తక్కువ ఉన్నా సరేనని తయారీదారులే ఒప్పుకునే ఇంజిన్లు ఉన్నాయి.

గేజ్ మీద కొంతైనా ప్రెజర్ వస్తుంటే, ఆ రీడింగును ఒక్కసారి చూసి వదిలేయకుండా, చల్లని ఇంజిన్‌లో, వేడెక్కిన తరువాత ఐడ్లింగ్‌లో, 2000, 3000 ఆర్‌పీఎంల వద్ద విడివిడిగా రాసుకోవాలి. లోపం ఎక్కడుందో సగం ఈ కాగితమే చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఐడ్లింగ్‌లో పడిపోతుంటే బేరింగు సందులను, ఆయిల్ గ్రేడును, పంపు లోపలి అరుగుదలను అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు కూడా తక్కువగానే ఉండి, రేసు పెంచినా ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంటే రిలీఫ్ వాల్వు (ప్రెజర్ పరిమితి దాటితే తెరుచుకుని ఆయిల్‌ను పక్కకు వదిలే వాల్వు) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండవచ్చు. ముల్లు వణుకుతుంటే, లేదా ఆర్‌పీఎం పెరిగే కొద్దీ ప్రెజర్ తగ్గుతుంటే, పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా పీలుస్తోందని అర్థం.

బయటి పనులు త్వరగా ముగించవచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తక్కువగా ఉండకూడదు, మరీ ఎక్కువగానూ ఉండకూడదు; క్రాంక్ ఆయిల్‌ను చిలికితే నురగ వచ్చి పంపు గాలి మింగుతుంది. డిప్‌స్టిక్‌కు పెట్రోలు వాసన వస్తుంటే ఇంధనం కలిసి ఆయిల్ పలుచబడిందని గ్రహించి ఆయిల్ మార్చాలి. అంతేగాని, తయారీదారు 5డబ్ల్యూ-30 వాడమన్న ఇంజిన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోసి ముల్లు పైకి లేచిందని సంతోషించడం లోపాన్ని సరిచేయడం కాదు, కప్పిపుచ్చడం.

ప్రెజర్ అసలే రాకపోతే, ముందుగా పంపు పొడిగా ఉండి ఆయిల్‌ను లాగలేకపోతోందేమో చూడాలి. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇంధన సరఫరాను, ఇగ్నిషన్‌ను ఆపి, స్టార్టరుతో 10 సెకన్ల చొప్పున మధ్యలో విరామమిస్తూ తిప్పాలి. కంప్రెషన్ లేనందువల్ల బేరింగుల మీద భారం పడదు. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుతో తిరిగే పంపు అయితే డిస్ట్రిబ్యూటర్‌ను తీసి, తగిన కడ్డీని డ్రిల్ మెషీన్‌కు బిగించి పంపునే నేరుగా తిప్పవచ్చు, కాకపోతే తిరిగే దిశ సరిచూసుకోవాలి. ఆయిల్ అందగానే డ్రిల్ మీద బరువు పడి దాని శబ్దం మారుతుంది. ఆ మార్పు చేతికే తెలుస్తుంది.

రిలీఫ్ వాల్వు కొన్ని ఇంజిన్లలో బయటి నుంచే విప్పడానికి వీలుగా ఉంటుంది. అలా ఉంటే సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పకముందే దాన్ని చూడాలి. వాల్వు లోపల ముందుకూ వెనక్కూ కదిలే ప్లంజరు తన రంధ్రంలో వేలితో తోస్తే ఎక్కడా పట్టకుండా జారాలి. బోరింగ్ పనిలో మిగిలిన ఇనుప రజను ఒక్క రేణువు ప్లంజరు పక్కన చిక్కుకున్నా అది మూసుకోదు. స్ప్రింగును సాగదీయడం, దాని కింద వాషర్లు పెట్టడం వంటి చిట్కాల జోలికి పోకూడదు. వేడి మీద ఐడ్లింగ్‌లో వాల్వు ఎలాగూ మూసుకునే ఉంటుంది కనుక, అక్కడి ప్రెజర్ వాటితో పెరగదు.

సంపు దించిన తరువాత మొదట చూడవలసింది, సంపు నుంచి పంపు ఆయిల్ పీల్చే స్ట్రెయినర్ గొట్టం. అది పంపుకు కలిసే చోట ఓ రింగు లేకపోయినా, పాత గట్టిపడిన రింగునే మళ్లీ వేసినా, గొట్టంలో సన్నని పగులు ఉన్నా గాలి లోపలికి దూరుతుంది. గొట్టం మూతి దగ్గరి జాలీకి సిలికాన్ గ్యాస్కెట్ ముక్కలు అతుక్కుని ఉన్నాయేమో కూడా చూడాలి. సంపు అంచుకు ధారాళంగా పూసిన సిలికాన్ లోపలివైపు పొంగి, తెగి, చివరికి చేరేది అక్కడికే. సంపు మారినట్లయితే జాలీ కింద బంకమట్టి ముద్ద పెట్టి, సంపును తాత్కాలికంగా బిగించి, తీసి, ముద్ద మందం కొలవాలి. చాలా ఇంజిన్లలో 6 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ సరిపోతుంది.

తరువాతి అనుమానం గ్యాలరీల (బ్లాకు లోపల ఆయిల్ పారే దారుల) చివరలు మూసే ప్లగ్గుల మీద. బ్లాకును కడగడానికి తీసిన ఈ ప్లగ్గుల్లో కొన్ని టైమింగ్ కవరు వెనుక, కొన్ని ఫ్లైవీల్ వైపు ఉంటాయి. లోపలివైపున ఒకటి వేయడం మరచిపోతే బయటికి చుక్క కూడా కారదు, ప్రెజర్ మాత్రం నిలవదు. నేనొకసారి రెండు రోజులు వెతికి, పంపు మార్చి, బేరింగు సందులు మళ్లీ కొలిచి, చివరికి బోల్టులు నానబెట్టిన కిరోసిన్ గిన్నె అడుగున వేలెడు కూడా లేని మర ప్లగ్గును చూశాను. అది ఉండవలసిన చోటు టైమింగ్ చెయిన్ వెనుక ఖాళీగా ఉంది. అప్పటి నుంచి తీసిన ప్లగ్గులను లెక్కపెట్టి బ్లాకు మీదే సుద్దతో అంకె వేస్తున్నాను.

ఎక్కడ కారుతోందో కళ్లతో చూడాలంటే, సంపు దించి ఉండగానే ప్రైమింగ్ ట్యాంకులోని (ఇంజిన్‌ను నడపకుండానే ఆయిల్ ఎక్కించే ట్యాంకులోని) ఆయిల్‌ను గాలి ఒత్తిడితో స్విచ్చు రంధ్రం గుండా గ్యాలరీలోకి పంపించి, కింది నుంచి లైటు వేసి చూడాలి. ప్రతి బేరింగు నుంచి కొద్దిపాటి ఆయిల్ కారడం సహజం. ఒక్కచోట మాత్రం ధార కడుతుంటే లోపం అక్కడే ఉంది. క్రాంక్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ చూడాలి, ఎందుకంటే రంధ్రాలు ఎదురెదురుగా వచ్చినప్పుడు ధార పెరగడం మామూలే. క్యామ్ బేరింగులను మరచిపోకూడదు. పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే జెట్లు ఉన్న ఇంజిన్‌లో ఒక్క జెట్టు వేయకుండా వదిలేసినా గ్యాలరీకి పెద్ద చిల్లు పడినట్లే.

ధార కట్టిన బేరింగు సందును ప్లాస్టిగేజ్‌తో (సందులో నలిపి కొలిచే మెత్తని ప్లాస్టిక్ తీగతో) కొలవాలి. జర్నల్‌ను (బేరింగులో తిరిగే క్రాంక్ భాగాన్ని), షెల్‌ను (బేరింగు సగం ముక్కను) ఆయిల్ లేకుండా తుడిచి, తీగను అడ్డంగా కాక జర్నల్ పొడవునా పెట్టి, క్యాపును చెప్పిన టార్క్‌కు బిగించి, క్రాంక్ ఏమాత్రం తిరగకుండా చూసి, విప్పి, నలిగిన తీగ వెడల్పును కవరు మీది కొలతతో పోల్చాలి. ఎక్కువ వెడల్పు ఉందంటే సందు తక్కువని అర్థం. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు దాదాపు 0.05 మిల్లీమీటర్లు మామూలు లెక్క. మిగతావన్నీ అలాగే ఉంటే, సందు రెట్టింపైనప్పుడు దాని గుండా పోయే ఆయిల్ రెట్టింపు కాదు, దాదాపు 8 రెట్లవుతుంది. అందుకే షెల్ వెనుక ముద్రించిన సైజును తప్పక చదవాలి, 0.25 మిల్లీమీటర్ల అండర్‌సైజుకు (అంత తక్కువ వ్యాసానికి) గ్రైండింగ్ చేసిన క్రాంక్‌కు స్టాండర్డ్ షెల్స్ వేస్తే ఏ పంపూ ఆ ఇంజిన్‌ను నిలబెట్టలేదు. దీనికి తలకిందులైన తప్పు కూడా ఒకటుంది: రంధ్రం లేని మెయిన్ షెల్‌ను పొరపాటున బ్లాకు వైపు వేస్తే గేజ్ మీద ప్రెజర్ చక్కగానే కనిపిస్తుంది, కాని ఆ బేరింగుకు ఆయిల్ అందక కాలిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలితేనే పంపు విప్పాలి. గేర్ల ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి ఫీలర్ గేజ్‌తో పై సందును కొలిచి మాన్యువల్‌తో సరిచూడాలి, కవరు పలక లోపలివైపు గోరుకు తగిలే గాడి పడితే దాన్ని మార్చాలి. మళ్లీ బిగించేటప్పుడు గేర్ల మధ్య పెట్రోలియం జెల్లీ నింపితే పంపు తొలి చుట్లలోనే ఆయిల్‌ను లాగుతుంది. చిక్కని గ్రీజు మాత్రం వాడకూడదు, అది ఫిల్టరును మూసివేస్తుంది. స్టార్ట్ చేసేముందు కొత్త ఫిల్టరు వేసి, స్టార్టరుతోనో డ్రిల్‌తోనో గేజ్ ముల్లు కదిలేదాకా తిప్పాలి. తొలిగా నడిపిన అరగంట తరువాత ఆ ఫిల్టరును కోసి, మడతల మధ్య మెరిసే రజను ఉందేమో వెలుతురులో చూడాలి.