బీట్‌రూట్ తాగితే రక్తం పడుతుందా? సొంత ప్రశ్నతో ఆరోగ్యం మీద పరిశోధన చేయడం ఎలా

సైన్స్ ఫెయిర్ అనగానే చాలామంది చేసే పని ఒకటే. ‘టీనేజర్ల ఆరోగ్య సమస్యలు’ అని గూగుల్లో కొట్టడం, వచ్చిన పది పాయింట్లు చార్టు మీద స్కెచ్ పెన్నుతో దింపేయడం, పక్కన ఒక గుండె బొమ్మ అతికించడం. జడ్జి వచ్చి ‘ఇందులో నువ్వు కనుక్కున్నది ఏంటమ్మా?’ అని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఎందుకంటే కనుక్కున్నది ఏమీ లేదు కాబట్టి.

టాపిక్ బయటి నుంచి తెచ్చుకోకండి. మీ బుర్రని ఇప్పటికే తొలుస్తున్న ప్రశ్న ఏదో ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక క్లాసులో కళ్ళు ఎందుకు మూతలు పడతాయి, పరీక్షల ముందు రాత్రిళ్ళు ఎనర్జీ డ్రింక్ తాగే సీనియర్లకి లోపల ఏమవుతుంది, నాకు రక్తం తక్కువగా ఉందని అమ్మ రోజూ బీట్‌రూట్ జ్యూస్ ఎందుకు తాగిస్తుంది, ఇలాంటివి. చిన్న ప్రశ్నే అయినా పర్లేదు, చిన్నదైతేనే మంచిది కూడా. ‘టీనేజర్ల ఆరోగ్యం’ మీద పరిశోధన ఎవరివల్లా కాదు, బీట్‌రూట్ మీద మీరు చేయగలరు. అందుకే దాన్నే పట్టుకుని ఈ పని ఎలా నడుస్తుందో చెప్తాను, మీ ప్రశ్న వేరైనా దారి ఇదే.

ముందు ఒక నోట్‌బుక్ తీసి ప్రశ్నని మీ మాటల్లోనే రాసుకోండి. ‘బీట్‌రూట్ తాగితే రక్తం పడుతుందా?’ ఇప్పుడు దీన్ని కొలవగలిగే ముక్కలుగా కోయాలి. రక్తం తక్కువ అని డాక్టర్ చెప్పేది హిమోగ్లోబిన్ చూసి. అమ్మాయిలకి డెసిలీటరుకి 12 గ్రాములు, పదిహేనేళ్ళు దాటిన అబ్బాయిలకి 13 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. హిమోగ్లోబిన్ తయారవడానికి ఐరన్ కావాలి. అయితే బీట్‌రూట్‌లో ఐరన్ ఎంత? నా వయసుకి రోజుకి ఎంత కావాలి? నా ఈడు వాళ్ళలో ఎంతమందికి తక్కువగా ఉంది? ఒక్క ప్రశ్న మూడయింది, మూడింటికీ జవాబు అంకెల్లో వస్తుంది.

మొదటి రెండింటికీ జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అంటారు, మన దేశంలో దొరికే 528 ఆహార పదార్థాల్లో ఏముందో కొలిచి 2017లో పట్టికలు వేసింది. ఎవరికి రోజుకి ఏ పోషకం ఎంత కావాలో 2020లో ఇంకో పట్టిక ఇచ్చారు. దాని ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ అమ్మాయికి రోజుకి 30 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, 16 నుంచి 18 అయితే 32. అదే వయసు అబ్బాయిలకి 22, 26. ఇక బీట్‌రూట్ దగ్గరికి వస్తే, వంద గ్రాముల్లో ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు! ఎర్రగా ఉందని రక్తం పడుతుందనుకోవడమే. బెల్లం నయం, వంద గ్రాములకి నాలుగున్నర మిల్లీగ్రాముల పైన ఉంటుంది, రాగులూ దాదాపు అంతే. కానీ పల్లీ చిక్కీలో మనం తినే బెల్లం ఏ పాతికో గ్రాములు, అంటే ఒక మిల్లీగ్రాము చిల్లర.

ఇక్కడే చాలామంది పరిగెత్తుకెళ్ళి ‘బీట్‌రూట్ వేస్ట్’ అని చార్టు రాసేస్తారు. ఆగండి. మన ప్రశ్న ఐరన్ గురించి కాదు, రక్తం గురించి. రక్తహీనతకి ఐరన్ ఒక్కటే కారణం కాదని 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే (సీఎన్ఎన్ఎస్ అంటారు) చూపించింది. 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో ఐరన్ లోపం 22 శాతం మందికి ఉంటే, విటమిన్ బి12 లోపం 31 శాతానికి, ఫోలేట్ (ఇదీ ఒక బి విటమినే, మాత్రల్లో ఉండే రూపాన్ని ఫోలిక్ యాసిడ్ అంటారు) లోపం 37 శాతానికి ఉంది. బీట్‌రూట్‌లో ఆ ఫోలేట్ బాగానే ఉంటుంది. అంటే అమ్మ చెప్పిన కారణం తప్పేమో గానీ గ్లాసు పారబోయాల్సినంత తప్పేం కాదు. పైగా తినడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఆకుకూరల్లో, ధాన్యాల్లో ఉండే ఐరన్ ఒంటికి తక్కువగా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇంకా తగ్గుతుంది, నిమ్మకాయ పిండుకున్నా జామకాయో ఉసిరికాయో తిన్నా పెరుగుతుంది. మొదట దొరికిన జవాబు నచ్చేసిందంటే కొంచెం అనుమానించాల్సిన టైమ్ వచ్చినట్టే అని నా లెక్క.

మూడో ప్రశ్న అసలు మజా ఉన్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21లో జరిగింది, 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది, అబ్బాయిల్లో 31.1 శాతం. ఇందాక చెప్పిన సీఎన్ఎన్ఎస్ మాత్రం అమ్మాయిల్లో 40 శాతం, అబ్బాయిల్లో 18 శాతం అంటోంది. రెండూ కేంద్ర ఆరోగ్య శాఖ చేయించినవే. ఏది నిజం? చాలామంది ఈ చోట పెద్ద అంకెని తీసుకుని చార్టు మీద ఎర్ర రంగుతో రాస్తారు, జడ్జిలు భయపడాలి కదా మరి. మీరు అలా చేయకుండా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని ‘ఎవరిని కొలిచారు, ఎలా కొలిచారు’ అన్న పేజీలు చదవండి, అవి ఎప్పుడూ బోర్ కొట్టే పేజీలే, అసలు సంగతి మాత్రం ఎప్పుడూ వాటిలోనే ఉంటుంది. మొదటి తేడా వయసు. ఒకటి 15 నుంచి 19, ఇంకోటి 10 నుంచి 19. రెండోది ఇంకా పెద్ద తేడా. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి చివర సూదితో పొడిచి వచ్చిన చుక్కని చిన్న మిషన్లో పెట్టి అక్కడికక్కడే చూస్తారు. సీఎన్ఎన్ఎస్‌లో చేతి రక్తనాళం నుంచి రక్తం తీసి ల్యాబ్‌కి పంపారు. వేలి చుక్కలో, ముఖ్యంగా వేలిని నొక్కి తీస్తే, కొలత అటూ ఇటూ అవుతుంది. ఈ తేడా మీద శాస్త్రవేత్తలే ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. పదో తరగతి పిల్ల ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఎందుకు తేడా వచ్చిందో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు, థర్మోకోల్ మోడల్ అక్కర్లేదు.

మీ జిల్లా అంకెలు కూడా దొరుకుతాయి. కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు జిల్లాకో ఫ్యాక్ట్ షీట్ ఉచితంగా పెట్టారు, సెర్చ్ చేస్తే పీడీఎఫ్ వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి కాబట్టి అనకాపల్లి పిల్లలు పాత విశాఖపట్నం షీట్ చూడాలి.

ఇక మీ సొంత క్లాసు. ఇక్కడికి వచ్చేసరికి ఉత్సాహం ఎక్కువై మెడికల్ షాపులో సూదులు కొని ఫ్రెండ్స్ వేళ్ళు పొడుద్దామనే ఆలోచన వస్తుంది. వద్దు. రక్తం తీసే పని మీది కాదు, దాని జోలికే పోవద్దు. మీరు అడగగలిగినవి ప్రశ్నలు మాత్రమే, అదీ హెడ్మాస్టరుకి కాగితం చూపించి, ఇళ్ళల్లో చెప్పి, ఇష్టం లేనివాళ్ళని వదిలేసి. చీటీ మీద పేరు ఉండకూడదు. పేరు లేకపోయినా చిన్న క్లాసుల్లో చేతిరాత చూసి పట్టేస్తారు, అందుకని రాయించకండి, టిక్కులు పెట్టించండి. నెలసరి గురించి అడగాల్సి వస్తే ఆ భాగం అమ్మాయిలే, ఒక టీచర్ తోడుతో చూసుకోవాలి, చీటీలు కూడా వాళ్ళ దగ్గరే ఉండాలి.

ఏం అడగాలి? ‘నీకు నీరసంగా ఉంటుందా?’ అని అడిగితే సోమవారం పొద్దున క్లాసు మొత్తం ఉంటుందనే అంటుంది. అదే ‘ఈ రోజు పొద్దున్న బడికి వచ్చే ముందు ఏం తిన్నావు?’ అని అడగండి, ‘నిన్న భోజనం అయ్యాక గంటలోపు టీ తాగావా?’ అని అడగండి. జ్ఞాపకం మీద కాకుండా ఈ రోజు మీద, నిన్న మీద అడిగితే నిజం ఎక్కువ వస్తుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా పెట్టమంటాను. గవర్నమెంట్ బడుల్లో 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకి వారానికొక నీలం రంగు మాత్ర ఇస్తారు, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. పోయిన వారం ఇచ్చిన మాత్ర మింగారా, జేబులో వేసుకున్నారా, కిటికీలోంచి విసిరేశారా? చీటీలు టీచర్ ఏరితే అందరూ మింగామనే రాస్తారు, కాబట్టి మూత పెట్టిన డబ్బాకి చిన్న కన్నం చేసి అందులో వేయించండి. ఎందుకు మింగలేదో కూడా టిక్కు పెట్టించండి: వికారం వచ్చింది, కడుపులో నొప్పి, విరేచనం నల్లగా వచ్చిందని భయం, ఇంట్లో వద్దన్నారు, మర్చిపోయాను. ఖాళీ కడుపుతో వేసుకుంటే కొందరికి వికారం రావడం, ఐరన్ వల్ల విరేచనం నల్లగా రావడం మామూలే, కానీ ఎవరూ చెప్పకపోతే పదమూడేళ్ళ పిల్లకి అది మామూలని ఎలా తెలుస్తుంది? ఏ జాతీయ సర్వేలోనూ మీ బడి కిటికీ కింద పడ్డ మాత్రల లెక్క ఉండదు. అది మీరు మాత్రమే కనుక్కోగలరు.

లెక్క వేసేటప్పుడు ఎంతమందిలో ఎంతమంది అన్నది రాయండి, ఉత్త శాతం రాయకండి. పదిమందిని అడిగి ‘60 శాతం’ అంటే వినడానికి ఘనంగా ఉంటుంది గానీ అది ఆరుగురు. అలాగే టిఫిన్ తినని వాళ్ళకే క్లాసులో నిద్ర ఎక్కువ వస్తోందని తేలిందనుకోండి, వెంటనే టిఫిన్ మీదకి నెట్టేయకండి. వాళ్ళే పొద్దున ఆరింటి బస్సుకి వచ్చేవాళ్ళు కావచ్చు, రాత్రి ఫోన్ చూసి ఒంటిగంటకి పడుకునేవాళ్ళు కావచ్చు. నిద్ర ఎన్ని గంటలన్నది కూడా అడిగారా? అడగకపోతే, అడగలేదని రిపోర్టులో రాసేయండి. అది తప్పేం కాదు, పెద్ద పెద్ద పేపర్లలో కూడా దానికో పేరా ఉంటుంది.

వాట్సాప్‌లో వచ్చేవాటిని ఎలా పరీక్షించాలో కూడా ఇదే టాపిక్‌లో నేర్చుకోవచ్చు. రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారు, నీళ్ళలో వేస్తే తేలుతున్నాయి అన్న వీడియో మీ ఇంటి గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్ళీ గింజలా ఒత్తి, మామూలు బియ్యం వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలుపుతారు. ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం కిలో బియ్యానికి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలి. మీరు రోజుకి తినే బియ్యం ఎంతో ఇంట్లో తూకం వేసి, దాని నుంచి మీకు ఎంత ఐరన్ రావాలో గుణించి చూడండి. ఫోర్టిఫైడ్ బియ్యం 300 గ్రాములైతే 8.4 నుంచి 12.75 మిల్లీగ్రాముల దాకా, బీట్‌రూట్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. జనం ఏరి పారేస్తున్న గింజలే అవి.

మనుషులతో మాట్లాడటం మాత్రం మానకండి. మీ ఊరి ఏఎన్ఎం అక్కకో ఆశా అక్కకో తెలిసినంత ఏ వెబ్‌సైట్‌కీ తెలియదు. ఖాళీ చేతులతో వెళ్ళి ‘రక్తహీనత గురించి చెప్పండి’ అనకండి, ఆవిడకి సవాలక్ష పనులుంటాయి. మూడు ప్రశ్నలు రాసుకుని, టీకాలు వేసే రోజు కాకుండా వేరే రోజు వెళ్ళండి.

ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) గురించి తప్పకుండా అడగండి, అక్కడ రక్తం తక్కువ అంటే కథ వేరే ఉండొచ్చు. తలసీమియా అని ఇలాంటిదే ఇంకో జబ్బు, దాని జన్యువు మోసే క్యారియర్లకి కూడా అంతే, హిమోగ్లోబిన్ తక్కువ కనిపిస్తుంది గానీ కారణం ఐరన్ కాకపోవచ్చు. ఈ చదువంతా చదివాక నాకూ తక్కువే ఉందేమో అని అనుమానం వస్తే పీహెచ్‌సీకి వెళ్ళి పరీక్ష చేయించుకోండి. షాపులో సొంతంగా ఐరన్ మాత్రలు కొనుక్కుని మింగొద్దు.

బీట్‌రూట్ నచ్చకపోతే వేరేవి బోలెడు. బడికి వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003 చట్టం చెప్తోంది, గేటు నుంచి మ్యాప్ గీసి ఎన్ని కొట్లున్నాయో లెక్కపెట్టండి (కొట్టువాడితో గొడవ పెట్టుకోకుండా). ఎనర్జీ డ్రింక్ డబ్బా మీద కెఫీన్ ఎంతో, పిల్లలకి వద్దన్న మాట ఏ మూల ఎంత సైజులో ఉందో చూడండి. డిప్రెషన్, చచ్చిపోవాలనిపించడం లాంటి వాటి మీద మాత్రం క్లాసులో చీటీలు పంచకండి. ఎవరైనా ‘అవును’ అని టిక్కు పెడితే ఆ పేరు లేని చీటీ పట్టుకుని మీరేం చేస్తారు? దాని మీద చదవండి, టీచర్‌తో మాట్లాడండి, ఫ్రెండ్ ఎవరైనా అలా ఉన్నారనిపిస్తే 14416 టెలీ మానస్ నంబర్ ఇవ్వండి, నమ్మకమున్న పెద్దవాళ్ళకి చెప్పండి.

చివరికి రాసేది రెండు పేజీలు దాటనివ్వకండి: నా ప్రశ్న, ఎక్కడ చూశాను, ఎవరిని అడిగాను, ఏం తేలింది, ఏం తేలలేదు. ఒక కాపీ సైన్స్ ఫెయిర్‌కి, ఇంకోటి హెడ్మాస్టరుకి. మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకున్నందుకే ఎక్కువమంది పారేస్తున్నారని మీ డబ్బాలో తేలితే, వాటిని మధ్యాహ్న భోజనం అయ్యాక పంచమని ఆ కాగితం మీదే రాసి ఇవ్వండి.