బెంగళూరు చలిలో ఈకలు రాల్చే పెట్టల సంరక్షణ

బెంగళూరులో పెరట్లోనో మేడ మీదనో నాలుగైదు పెట్టలను పెంచుకునే మనవాళ్లు డిసెంబరు రాగానే చలికి భయపడి గూటిని నలువైపులా మూసివేస్తారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగినా, ఒంటినిండా ఈకలున్న కోడికి అది లెక్కలోనిది కాదు; మూసిన గూటిలో రెట్టల ఘాటు, తేమ కలిసి తెచ్చే రొంపే ఎక్కువ ప్రమాదం. చలిగాలి కొట్టే వైపు మాత్రమే గోనెపట్టా కట్టి, పైభాగాన జానెడు సందు వదలాలి. ఉదయం గూటి ముందు కూర్చుని లోపలికి ముఖం పెట్టినప్పుడు మీ కళ్లు మండితే, ఆ రోజే అడుగున ఉన్న ఊక మార్చాలి.

నిజమైన కష్టం ఈకలు రాలుస్తున్న పెట్టది. పగటిపొద్దు తగ్గే కాలంలో, ఏడాది దాటిన పెట్టలు మెడతో మొదలుపెట్టి తోక వరకు ఈకలు రాల్చి, గుడ్లు మానేసి, సాధారణంగా 8 నుంచి 12 వారాలలో కొత్తవి తొడుగుకుంటాయి. ఈకలో 80 శాతానికి పైగా మాంసకృత్తే కనుక, ప్రేమకొద్దీ వేసే బియ్యం, రాగులు ఈ రోజుల్లో బాగా తగ్గించాలి. 16 శాతం మాంసకృత్తులున్న లేయర్ దాణాకు (గుడ్లు పెట్టే కోళ్ల మేతకు) బదులు 20 శాతం ఉన్న స్టార్టర్ దాణా (పిల్లల మేత) పెట్టి, ఉప్పు లేకుండా ఎండబెట్టిన నెత్తళ్లు కొద్దిగా నలిపి కలపవచ్చు. గుడ్లు పెడుతున్న పెట్టల కోసం గుల్లపొడిని (ఆల్చిప్పల పొడిని) వేరే గిన్నెలో ఉంచాలి.

కొత్త ఈకలు చర్మం మీద నీలిరంగు ముళ్లలా లేస్తాయి. వాటిలో నెత్తురు పారుతుంటుంది కాబట్టి తాకితేనే కోడికి నొప్పి. ఒక్కటి విరిగి ఎర్రచుక్క కనబడితే మిగతావి వచ్చి అక్కడే పొడుస్తాయి. గిరిరాజ వంటి బరువైన కోళ్లతో నాటు పెట్టలను కలిపి పెంచేచోట మరింత జాగ్రత్త అవసరం. నిరుడు మా గూటిలో తోక మొదలు దగ్గర పొడిపించుకున్న పెట్టను జాలిపడి పది రోజులు వంటింటి వసారాలో ఉంచాను. తిరిగి వదలగానే అన్నీ దాన్ని కొత్తదానిగా చూసి మీదపడ్డాయి. అందుకే గాయాన్ని కడిగి పోవిడోన్ అయోడిన్ రాసి, ఆ పెట్టను అదే గూటిలో వలతో అడ్డుకట్టిన మూలన, మిగతావాటికి కనబడేలా ఉంచాలి. వేరుచేయవలసింది పొడిచేదాన్ని: నాలుగు రోజులు కనుచూపుకు దూరంగా ఉంచితే, అది తిరిగొచ్చేసరికి గుంపులో దాని పెత్తనం తగ్గి ఉంటుంది. దాణా, నీళ్లు రెండేసి చోట్ల, ఏ కోడీ ఒకచోట నిలబడి రెండోదాన్ని కాపలా కాయలేనంత ఎడంగా పెట్టాలి.

బోసిపోయిన చోట వారాలు గడిచినా ముళ్లు లేవకపోయినా, మేత ముట్టకపోయినా అది ఈకల మార్పు కాకపోవచ్చు. ముందు రెక్కల కింద, మలద్వారం చుట్టూ పేలు వెతికి, పశువైద్యునికి చూపించాలి. అన్నీ సవ్యంగా సాగితే తలపై ఉండే మాంసపు జుట్టు మళ్లీ ఎర్రబడుతుంది. లేయర్ దాణాకు తిరిగి మారవలసింది అప్పుడే.