పాత మిలిటరీ బూట్లు: ముందు అడుగు చూడండి, తర్వాత తోలు

పాత మిలిటరీ బూటు చేతికి రాగానే అందరి కళ్ళూ పైతోలు మీదికే పోతాయి. మెరుపు ఉందా, ఎక్కడైనా చిరిగిందా అని చూస్తారు. ఎండిన తోలును వారం రోజుల్లో దారికి తెచ్చుకోవచ్చు. అడుగు, అంటే సోల్, కుళ్ళితే మాత్రం పాఖాల అడవి నడుమ బూటు నోరు తెరుస్తుంది, అక్కడ మోచీ దొరకడు. అందుకే బూటును మొదట తలకిందులు చేయండి.

మడమకూ అడుగుకూ నడుమ సందులో బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. మంచి రబ్బరైతే గోరు కొంచెం దిగి, తీయగానే గుంట పూడుతుంది. ముసలిబడ్డ రబ్బరైతే గోరు దిగదు, కానీ ఏమీ రాలదు. అది పర్వాలేదు. పీయూ, అంటే పాలీయూరితేన్ అడుగు చెడిపోయి ఉంటే గోటి కింద బెల్లం పాకంలా జిగటగా తగులుతుంది, లేదా ఎండిన రొట్టెలా పొడి రాలుతుంది. తర్వాత ముందు భాగాన్ని చేత్తో పదిసార్లు వంచండి. వేళ్ళ మొదట్లో వంగే చోట సన్నగా అడ్డగీతలు పడితే ఆ జత వదిలేయండి.

దీనికి కారణం వాడకం కాదు, గాలిలోని తేమ. తేమ పీయూ పదార్థాన్ని లోపలినుంచి విరుస్తుంది, వేడి ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. వరంగల్‌లో ఎండాకాలం రేకుల కప్పు కింద, వానాకాలం చెమ్మ గోడ పక్కన ఉన్న బూటుకు ఈ రెండూ తగులుతాయి. ఒక్కసారీ తొడగని, డబ్బాలోనే ఉన్న కొత్త జత కూడా పది పదిహేనేళ్ళకు ఇలాగే పొడైపోవచ్చు. "అసలు వాడలే, డబ్బా పీస్" అని అమ్మేవాడు చెప్పినా పీయూ అడుగుకు గోటి పరీక్ష తప్పదు.

నాలుగు రకాలు, వాటి గుణాలు

అమ్యూనిషన్ బూటు అంటే బ్రిటిష్ కాలపు నల్ల బూటు. తోలు అడుగు, దానికి మొలలు, మడమకు ఇనుప లాడం, ముక్కుకు ఇనుప రేకు. అడుగును కుట్టి చేస్తారు కాబట్టి మళ్ళీ మళ్ళీ మార్చుకోవచ్చు. పాతవాటిలో అన్నిటికంటే మన్నిక దీనిదే. కానీ మొలలున్న అడుగుతో షాబాద్ బండల మీద, గ్రానైట్ మెట్ల మీద నడిస్తే మనిషి జారిపడటం ఖాయం. మట్టి బాటకు, మొరం రోడ్డుకు సరిపోతుంది. ఇంట్లో తిరగాలంటే మొలలు తీయించి పలుచని రబ్బరు షీటు వేయించాలి.

బ్రిటిష్ డీఎంఎస్, అంటే డైరెక్ట్ మౌల్డెడ్ సోల్ బూటుకు అడుగును నేరుగా తోలుకే అచ్చు పోసి అతికిస్తారు. 1950ల చివర వచ్చింది. చీలమండ దగ్గరే ఆగుతుంది కాబట్టి నీళ్ళు పైనుంచి దిగుతాయి. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో సైనికుల కాళ్ళు తడికి పాడైనప్పుడు ఈ బూటే నింద మోసింది, ఆ తర్వాతే ఎత్తు బూట్లు వచ్చాయి. ఒర్రెలు దాటే పని ఉన్నవాళ్ళు దీన్ని ఎంచుకోవద్దు.

మన సైన్యం, పోలీసుల డీవీఎస్ బూటుది వల్కనైజ్ చేసిన, అంటే గంధకం కలిపి వేడితో గట్టిపరచిన రబ్బరు అడుగు. మన దగ్గర తేలిగ్గా దొరికేది, మన వాతావరణానికి ఓర్చేది ఇదే. అడుగు అరిగితే మార్చడం మాత్రం కష్టం. మోచీ పాత రబ్బరును చెక్కేసి, గరుకు చేసి, కొత్త షీటు అంటించాలి.

అమెరికన్ జంగిల్ బూటు వియత్నాం నాటిది. పైన నైలాన్ గుడ్డ, కింద తోలు, లోపలి పక్క నీళ్ళు బయటికి పోయే రెండు చిన్న కన్నాలు. తడిస్తే త్వరగా ఆరుతుంది. వానాకాలం లక్నవరం, ఏటూరునాగారం దారుల్లో దీనికి సాటి లేదు. కొన్నిట్లో మొనదేలిన కర్రలు పాతిన గుంటల నుంచి కాపాడటానికి అడుగులో స్టీలు రేకు ఉంటుంది. అవి తొందరగా వంగవు. లోపలి ముద్రలో డీఎస్ఏ (అమెరికా రక్షణ సరఫరా సంస్థ) 100 తర్వాత వచ్చే రెండంకెలు ఆర్థిక సంవత్సరం. 68 అంటే 1968. ఆ సంస్థ కొత్త పేరు డీఎల్ఏ అని ఉంటే 1977 లేదా ఆ తర్వాతది.

నకిలీ సరుకు చాలా ఉంది. అసలుదానికి అడుగు నడుమనో, నాలుక లోపలో సైజు, తయారీ ఊరు, కొన్నిటికి సంవత్సరం ముద్రించి ఉంటాయి. బ్రిటిష్ సరుకుకు బాణం గుర్తు ఉంటుంది. కూపర్ అలెన్ అనే కంపెనీ పేరూ, పాత స్పెల్లింగులో కాన్పూర్ పేరూ కనిపిస్తే అది మన దేశంలోనే తయారైన పాత జత. లేసు కన్నం దగ్గర తోలు అంచు చూడండి. పీచు కనిపిస్తే తోలు, గుడ్డ మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తే కాదు. పాలిష్ లేని చోట ఒక నీటి చుక్క వేస్తే తోలు నల్లబడుతుంది, ప్లాస్టిక్ మీద చుక్క అలాగే నిలబడుతుంది.

ఎక్కడ దొరుకుతాయి

అన్నిటికంటే మంచి సరుకు అంగట్లో లేదు, అటకల మీద ఉంది. ఫౌజు నుంచో పోలీసు నుంచో రిటైరైన పెద్దమనిషి ఊరికొకరైనా ఉంటారు. "కాకా, మీ పాత డ్యూటీ బూట్లు ఏమన్న ఉన్నయా?" అని నేరుగా అడగండి. ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళకు ఇచ్చిన బూట్లు ప్రభుత్వ సొత్తు, వాటి జోలికి పోవద్దు. ఖాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ తిరుమలగిరి, బొల్లారం కంటోన్మెంటు వైపు మిలిటరీ సామాన్ల దుకాణాలు వెతకండి. గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఎలాగూ ఉన్నాయి. సంతలో పొద్దున్నే ఉండాలి, ఎడమా కుడీ ఒకే సైజా కాదా అక్కడే చూడాలి.

ఇంకొక మాట. బూటు వరకే ఆగండి. దాంతోపాటు మచ్చల మిలిటరీ బట్టలు వేసుకుని ములుగు, భూపాలపల్లి అడవుల్లోకి పోవద్దు. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో ఆ వేషం వేయడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. ఆ అడవుల్లో దూరం నుంచి చూసేవాళ్ళకు మీ ఉద్దేశం కనిపించదు, బట్టలే కనిపిస్తాయి.

కాలు కొలవడం

సాయంత్రం కొలవండి, అప్పటికి పాదం ఉబ్బి ఉంటుంది. బూట్లతో వేసుకునే సాక్సే తొడిగి, కాగితం మీద నిలబడి, మడమ నుంచి పొడవైన వేలి కొస వరకు మిల్లీమీటర్లలో కొలవాలి. రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. దానికి 15 కలిపి, 25.4తో భాగించి, 3తో గుణించి, 25 తీసేస్తే యూకే సైజు వస్తుంది. మన సైజు కూడా అదే. 265 మిల్లీమీటర్ల పాదానికి 280 అవుతుంది, అంటే 11.02 అంగుళాలు. మూడింతలు 33, అందులో 25 పోగా 8. ఒక్కో సైజుకు తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అమెరికన్ బూటు మీద అంకె సుమారు ఒకటి ఎక్కువ ఉంటుంది, మన 8 అక్కడ 9. యూరప్ సరుకు మీద 270/104 లాంటి ముద్ర ఉంటే మొదటిది పాదం పొడవు, రెండోది వెడల్పు, రెండూ మిల్లీమీటర్లే.

అసలు చిక్కు వెడల్పుది. చిన్నప్పటినుంచి ఒట్టికాళ్ళతో, చెప్పులతో పెరిగిన పాదం వేళ్ళ దగ్గర విశాలంగా ఉంటుంది, సన్న అచ్చుల బూటు అక్కడే పట్టేస్తుంది. తోలు అడ్డంగా సాగుతుంది, పొడవుకు మాత్రం సాగదు. పొడవు చాలని బూటును "వాడితే సర్దుకుంటది" అని కొనడమే జనం చేసే పెద్ద తప్పు.

తొడిగి చూసేటప్పుడు లేసులు వదులు చేసి, వేళ్ళు ముందుకు తగిలేదాకా పాదాన్ని తోయండి. మడమ వెనక చూపుడు వేలు దిగాలి. రెండు వేళ్ళు దిగితే పెద్దది. తర్వాత మడమను వెనక్కి కొట్టి లేసులు కట్టండి. రెండు అంచుల నడుమ రెండు సెంటీమీటర్ల సందు ఉండాలి. కొత్తలోనే అంచులు కలిసిపోతే, తోలు సాగాక బిగించడానికి చోటు మిగలదు. నడిచినప్పుడు మడమ 5, 6 మిల్లీమీటర్లు లేస్తే భయం లేదు, అడుగు వంగడం మొదలయ్యాక తగ్గుతుంది. సెంటీమీటరు దాటితే వద్దు. వాడిన జతలో లోపలి అట్ట మీద పాత మనిషి వేళ్ళ గుంటలు ఉంటాయి. మీ వేళ్ళు ఆ గుంటల్లో పడకపోతే అట్ట మార్చండి. మడమ ఒక పక్కే బాగా అరిగి ఉంటే తీసుకోవద్దు, ఆ వంకర మీ మోకాలికి ఎక్కుతుంది.

తోలును దారికి తేవడం

లేసులు తీసేసి, పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. బూజు ఉంటే సగం నీళ్ళు, సగం తెల్ల వెనిగర్ కలిపి గుడ్డతో తుడిచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. మే నెల డాబా మీద ఒక్క మధ్యాహ్నం చాలు తోలు పగలడానికి. ఇత్తడి కన్నాల చుట్టూ ఆకుపచ్చ మైనంలా పేరుకుని ఉంటుంది. అది చిలుము, తోలులోని కొవ్వు ఇత్తడిని తిన్నప్పుడు పుట్టేది. అగ్గిపుల్ల కొసతో గీకి, పొడి గుడ్డతో తుడవాలి. తడి చేస్తే మరక తోలులోకి పాకుతుంది.

నూనె దగ్గర చేయి అదుపులో ఉండాలి. మన ఊళ్ళలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో ఊనిన తోలు చెప్పులకు ఆముదం పట్టించడం పాత అలవాటు, అది మంచిదే. కానీ మిలిటరీ బూటు నిటారుగా నిలబడాలి. ఆముదం ఎక్కువైతే తోలు వాలిపోతుంది, పాలిష్ పట్టదు. ఒక్కో బూటుకు ఒక టీస్పూను చాలు, గుడ్డతో పలుచగా పూసి ఒక రాత్రి వదలండి. చాలకపోతే మూడో రోజు అరచెంచా. వానాకాలానికైతే 20 గ్రాముల తేనె మైనం, 60 గ్రాముల ఆముదం వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, చల్లారాక కుట్ల మీద వేలితో రుద్దండి. రబ్బరు అడుగుకు నూనె తగలనివ్వద్దు.

పాత నూలు దారం లోపలే మురిగి ఉంటుంది. కుట్టు దగ్గర రెండు ముక్కలను రెండు వైపులకూ లాగి చూడండి. దారం తెగితే మోచీ దగ్గర నైలాన్ దారంతో, పాత రంధ్రాల్లోనే కుట్టించాలి. ఆరెతో కొత్త రంధ్రాలు పొడిస్తే తోలు అక్కడ చిల్లుల కాగితంలా చిరుగుతుంది.

కాలికి అలవాటు చేయడం

లోపల పలుచని నైలాన్ సాక్సు, దాని మీద మందపు ఉన్ని సాక్సు వేయండి. రాపిడి రెండు సాక్సుల నడుమ జరుగుతుంది, చర్మం మీద కాదు. మొదటి మూడు రోజులు ఇంట్లో అరగంట చొప్పున. వారం చివరికి గంట. రెండో వారం రోజు మార్చి రోజు 2, 3 కిలోమీటర్లు చదును రోడ్డు మీద. మూడో వారం 5 కిలోమీటర్లు, అందులో కొంత ఎక్కుడు దారి ఉండాలి. మొత్తం 30, 40 కిలోమీటర్లు నడిచాకే అడవికి తీసుకుపోండి. రోజు విడిచి రోజు అనడానికి కారణం చెమట. మన ఎండల్లో లోపలి తడి ఆరడానికి ఒక పూర్తి రోజు పడుతుంది. పేపర్లు ఉండలు చుట్టి కుక్కి, రెండు గంటలకొకసారి మార్చండి.

బూటును నీళ్ళలో నానబెట్టి, కాలి మీదే ఆరనిచ్చే పాత పద్ధతి చాలామంది చెబుతారు. అట్ట లోపల మురిగి, అతుకు ఊడే ప్రమాదం ఉంది. దాని బదులు పట్టే చోటును మాత్రమే తడపండి. ఎక్కడ నొక్కుతుందో బయట చాక్‌పీసుతో గుర్తు పెట్టి, లోపల తడిగుడ్డతో ఆ చోటు తడిపి, పప్పుగుత్తి పిడి గుండ్రటి కొసతో లోపలినుంచి బయటికి పది నిమిషాలు రుద్దండి. వెంటనే తొడిగి ఇరవై నిమిషాలు నడవండి. అలా రెండు మూడు సార్లు చేస్తే ఒక వేలి కణుపంత చోటు వస్తుంది.

బొబ్బ ఎక్కడ లేచిందో చూస్తే తప్పెక్కడుందో తెలుస్తుంది. మడమ వెనక లేస్తే కాలు లోపల ఎగురుతోంది. పైనుంచి రెండో జత కన్నాల దగ్గర లేసును అదే పక్క పై కన్నంలోకి పోనిచ్చి, ఏర్పడిన ఉచ్చులో రెండో కొసను దూర్చి బిగించండి. వేలి కొసన గోరు నల్లబడితే పొడవు చాలలేదు, ఆ జత ఇంకెవరికైనా ఇవ్వండి. పాదం పైన నొప్పయితే అక్కడ మాత్రం లేసును అడ్డం వేయకుండా పక్కలనుంచే పైకి పోనివ్వండి. చర్మం మండడం మొదలవగానే ఆగి జింక్ ఆక్సైడ్ టేపు వేయాలి. "ఇంకొక కిలోమీటరే కదా" అని నడిస్తే ఆ కిలోమీటరులోనే బొబ్బ పగులుతుంది.

వానాకాలం దాటేదాకా బూట్లను ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టవద్దు. పేపరు కుక్కి, గాలి ఆడే అర మీద, నేలకు జానెడు ఎత్తున ఉంచి, పదిహేను రోజులకొకసారి తొడిగి ఇంటి చుట్టూ నాలుగడుగులు వేయండి.