ఇంటి దగ్గరే బండి పని – 7వ పాఠం: ముందు బ్రేకు మాస్టర్ సిలిండర్

పోయిన పాఠం చదివి పని మొదలుపెట్టిన ముగ్గురు తమ బళ్లు నా దగ్గరికి తెచ్చారు. మూడింటికీ ఒకటే జబ్బు. బ్రేకు లివరు నొక్కితే మెత్తగా వెళ్లి గ్రిప్పుకు తగులుతోంది.

లడఖ్ ప్రయాణానికని వేయించుకున్న వేడి గ్రిప్పులు (చలిలో చేతులకు వెచ్చదనం ఇచ్చేవి) తీయడం ఆ పాఠంలో చెప్పాను కదా. ఎడమవైపు ఎవరికీ ఇబ్బంది రాలేదు. కుడివైపు స్విచ్ డబ్బా జరపడానికి చోటు చాలక మాస్టర్ సిలిండర్ (లివరు నొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రం వైపుకు తోసే భాగం) క్లాంపు, అంటే దాన్ని హ్యాండిల్‌కు పట్టి ఉంచే పట్టీ, విప్పారు. విప్పడంలో తప్పులేదు. కానీ సిలిండర్‌ను హోస్ పైపుకే తలకిందులుగా వేలాడదీశారు. అలా చేస్తే సిలిండర్ మీది ద్రవం డబ్బాలోని ద్రవం మూతవైపుకు పోయి, అడుగున ఉన్న రంధ్రాలకు గాలి తగులుతుంది. ఆ స్థితిలో లివరు ఒక్కసారి నొక్కినా గాలి లోపలికి పోతుంది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. లివరు మెత్తబడింది అందుకే. క్లాంపు విప్పాక మూత పైకి ఉండేలా హ్యాండిల్ మధ్యకు గుడ్డతో కట్టమని నేను చెప్పాల్సింది. ఇప్పుడు రాసుకోండి.

కొత్త గ్రిప్పు ఎక్కడం లేదని ఇంజన్ ఆయిల్ రాసిన వాళ్లు ఆ గ్రిప్పు తీసేయండి. అది చేతిలో తిరుగుతూనే ఉంటుంది, ప్రమాదం. హ్యాండిల్ పైపునూ గ్రిప్పు లోపలి భాగాన్నీ స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి, గ్రిప్పు గమ్ రాసి ఎక్కించండి.

ఎలాగూ గాలి తీయాలి కాబట్టి మాస్టర్ సిలిండర్ విప్పి సర్వీసు చేసేద్దాం. మన ప్రకాశం జిల్లా బళ్లకు ఇది అవసరం కూడా. చీమకుర్తి రోడ్డు మీద తిరిగే బండికి గ్రానైట్ దుమ్ము పిస్టన్ రబ్బరు తొడుగు కిందికి చేరుతుంది. కొత్తపట్నం వైపు బళ్లకు సముద్రపు తేమ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనమంతా బ్రేకు ద్రవాన్ని 'బ్రేక్ ఆయిల్' అంటాం. అది ఆయిల్ కాదు. ఈ పేరు వల్లే పాడైన కిట్లు (సిలిండర్ లోపలి పిస్టన్, రబ్బరు కప్పుల సెట్లు) ఎన్నో చూశాను. బండ్లలో ఎక్కువగా వాడే డాట్ 3, డాట్ 4 ద్రవాలు గ్లైకాల్ రకానివి. నీళ్లతో కలుస్తాయి, తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. లోపలి రబ్బరు కప్పులు ఈ ద్రవానికే తయారైనవి. పెట్రోలు, డీజిల్, కిరోసిన్, ఇంజన్ ఆయిల్, గ్రీజు ఏది తగిలినా ఉబ్బుతాయి. ఉబ్బిన కప్పు సిలిండర్‌లో బిగుసుకుంటుంది, పిస్టన్ వెనక్కి రాదు, చక్రం పట్టేస్తుంది. ఇంజన్ భాగాలు పెట్రోల్లో కడిగే అలవాటు ఇక్కడికి తీసుకురావద్దు. కొత్త బ్రేకు ద్రవంతోనే కడగండి. ట్యాంకు మీద చుక్క పడితే రంగు లేస్తుంది, వెంటనే నీళ్లు పోయండి.

ద్రవం సిరంజితో తోడడం, లివరు, హోస్ బోల్టు తీయడం మీకు వచ్చు. రబ్బరు తొడుగు లాగితే లోపల సర్‌క్లిప్ (పిస్టన్ బయటికి రాకుండా ఆపే స్ప్రింగు రింగు) కనిపిస్తుంది. సన్న ముక్కు సర్‌క్లిప్ ప్లయర్ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే సిలిండర్ గీసుకుపోతుంది. పిస్టన్, కప్పులు, స్ప్రింగు బయటికి వచ్చిన వరసలోనే ఫోటో తీయండి. లోపలి గోడ మీద గోరుకు తగిలే గీత ఉంటే ఎమరీ కాగితం పట్టకండి, సిలిండర్ మొత్తం మార్చండి.

ద్రవం డబ్బా అడుగున రెండు రంధ్రాలుంటాయి. చిన్నది సూది మొన అంత. వేడికి వ్యాకోచించిన ద్రవం డబ్బాలోకి వచ్చేది దీన్లోంచే. మూసుకుపోతే ప్రయాణంలో బ్రేకు తనంతట తాను పట్టుకుంటుంది. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో శుభ్రం చేయండి.

నేను పాత కప్పులు, పాత రాగి వాషర్లు మళ్లీ వాడను. కొత్త కప్పులకు ద్రవం పూసి, అంచు స్ప్రింగువైపు ఉండేలా ఎక్కించండి. క్లాంపు మీద బాణం పైకి పెట్టి, పై బోల్టు ముందు బిగించండి. గాలి తీయడానికి నేను కింద చక్రం దగ్గరి క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లు పట్టే భాగం) నిపుల్ నుంచి సిరంజితో ద్రవం పైకి ఎక్కిస్తాను. గాలికి పైకి పోవడమే సులువు. మిగిలిన చిన్న బుడగల కోసం లివరు నొక్కి రాత్రంతా గుడ్డతో కట్టి ఉంచుతాను. పొద్దున లివరు గట్టిగా ఉండాలి, వదిలాక చక్రం స్వేచ్ఛగా తిరగాలి. రెండూ సరిగా ఉంటేనే బండి రోడ్డెక్కించండి.

సాధన: తీసేసిన పాత కప్పులు రెండూ పారేయొద్దు. ఒకటి బ్రేకు ద్రవంలో, ఇంకొకటి పెట్రోల్లో, మూత ఉన్న గాజు సీసాల్లో ఇంటి బయట, మంటకు దూరంగా ఒక రోజు ఉంచండి. తీసి పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచి రాసుకోండి. ఇక సొంత బండి విప్పకముందే చేయాల్సింది ఒకటుంది: సర్‌క్లిప్‌ను ఏదైనా పాత సిలిండర్‌లో ఇరవైసార్లు ఎక్కించి తీయండి. ఒక్కసారైనా గోడ గీసుకుంటే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. ఇరవై పూర్తయ్యాకే సొంత బండి విప్పండి.