పాత కాగితాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఈ డైరీ ఎవరు చదువుతారని రాశారు?

పోయిన పాఠంలో పాత కాగితాలు దాచే లైబ్రరీలో కేటలాగ్ చూసి ఏ బాక్స్ అడగాలో తెలుసుకున్నాం కదా, ఇప్పుడు బాక్స్ మన ముందుకొచ్చింది, తెరిస్తే డైరీ ఉంది అనుకోండి. చాలామంది వెంటనే తారీఖులు, పేర్లు నోట్ చేసుకోవడం మొదలెట్టేస్తారు. కాస్త ఆగండి. రాసిన మనిషికి ఇది ఎవరు చదువుతారని తెలుసు? ముందు అది తేల్చుకోవాలి. డైరీ అంటే ఎవరికీ చూపించకుండా దాచుకునేదని మనకో లెక్క ఉంటుంది, ఆ లెక్కతో అమెరికాలోని ఆల్కాట్ కుటుంబం కాగితాల్లోకి దిగితే బోల్తా పడతాం, అందుకే ఈసారి వాళ్లనే తీసుకున్నా.

బ్రాన్సన్ ఆల్కాట్ 1799లో కనెక్టికట్‌లో పుట్టాడు. కాలేజీ చదువు లేదు, కుర్రతనంలో అమెరికా దక్షిణాది ఊళ్లల్లో చిల్లర సరుకులు అమ్ముకుంటూ తిరిగాడు, తర్వాత మాస్టారయ్యాడు. 1834లో బోస్టన్‌లో టెంపుల్ స్కూల్ పెట్టి, బట్టీ పట్టించకుండా పిల్లల్ని ప్రశ్నలడిగి వాళ్లచేతే ఆలోచింపజేశాడు, బైబిల్ మీద పిల్లలతో జరిగిన ఆ సంభాషణలు అచ్చేసేసరికి ఊళ్లో గొడవై పిల్లలు తగ్గిపోయారు, 1837లో స్కూల్ సామాను వేలానికొచ్చింది. ఆయన దశాబ్దాల పాటు రాసిన జర్నల్స్ హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీలో ఉన్నాయి. 1831లో పెద్దమ్మాయి ఆనా పుట్టగానే ఆ పసిపిల్ల ఎలా చూస్తోంది, ఎలా ఏడుస్తోంది అన్నది కూడా రాయడం మొదలెట్టాడు, అంటే ఈ ఇంట్లో పిల్లలు తమ గురించి ఎవరో రాస్తుండగానే పెరిగారన్నమాట.

అసలు పాఠం ఇక్కడుంది. రెండో అమ్మాయి లూయీసా (తర్వాత పెద్ద రచయిత్రి అయింది) 1843లో పదేళ్ల వయసులో రాసిన డైరీ తీసుకుందాం. ఆ ఏడాది జూన్‌లో నాన్నా, చార్లెస్ లేన్ అనే ఇంగ్లీషాయనా కలిసి మసాచుసెట్స్‌లో ఫ్రూట్‌లాండ్స్ అని ఒక ఆదర్శ జీవనం ఫారం పెట్టారు, మాంసం లేదు, పాలు లేవు, బానిసల కష్టంతో వచ్చేదని పత్తి బట్టలు కూడా లేవు. దేవుడి సృష్టిలో అన్నింటికన్నా గొప్పది ఏదని నాన్న అడిగితే అక్క మనుషులు అందట, ఈ పిల్ల మాత్రం పసిపిల్లలు అంది, ఎందుకంటే మనుషులు తరచూ చెడ్డగా ఉంటారు, పసిపిల్లలు ఎప్పుడూ ఉండరు. చదవగానే ముద్దొస్తుంది. కానీ ఆ ఇంట్లో అమ్మానాన్నలు పిల్లల డైరీలు చదివేవాళ్లు. అమ్మ అబిగైల్ చిన్న చిన్న చీటీలు రాసి పెట్టేది, 1845లో ఒకదాంట్లో నీ డైరీలోకి తరచూ తొంగిచూస్తుంటా, సంతోషంగా గడిచిన రోజులేమైనా కనిపిస్తాయేమోనని అని రాసింది. స్కూల్లో టీచర్ సంతకం పెట్టే నోట్‌బుక్‌లో మనం ఎంతవరకు నిజం రాస్తాం? అలాగని పిల్ల అబద్ధాలు రాసిందని కాదు, డిసెంబర్‌లో ఇంట్లో అందరం ఏడ్చాం, మమ్మల్ని విడదీయొద్దని దేవుణ్ణి వేడుకున్నా అని కూడా రాసింది. అమ్మ చూస్తుందని తెలిసీ అది రాసిందంటే ఆ మాటకు ఇంకా బరువు ఉందని నా అభిప్రాయం, మీకు వేరేలా అనిపించొచ్చు.

ఇంకో చిక్కు, పెద్దయ్యాక లూయీసా తన పాత డైరీలు మళ్లీ తిరగేసి మధ్యలో వ్యాఖ్యలు చేర్చింది. ఆవిడ 1888 మార్చిలో, నాన్న పోయిన రెండు రోజులకే పోయింది, మరుసటి ఏడాది ఎడ్నా చీనీ ఆ డైరీల్లోంచి, ఉత్తరాల్లోంచి ఏరి అచ్చేసింది. కాబట్టి అచ్చులో ఒక్క పేజీ చూస్తున్నా అక్కడ పదేళ్ల పిల్ల, పెద్దావిడ, ఎడిటర్ ముగ్గురూ ఉండొచ్చు. నోట్స్ రాసేటప్పుడు ఏ మాట ఎవరిదో పక్కనే గుర్తు పెట్టుకోండి, తర్వాత చూసుకుందాంలే అంటే కలిసిపోతాయి.

మరి అబిగైల్ మాటేంటి? ఆవిడ 1877లో పోయాక భర్తా కూతురూ కూర్చుని ఆవిడ డైరీలు చాలావరకు నాశనం చేశారు. ఇలాంటప్పుడు మనిషి సొంత కాగితాలు వదిలేసి, ఆ మనిషి ఎవరికి ఉత్తరాలు రాసేవారో వాళ్ల వైపు వెతకాలి. అబిగైల్‌కి శామ్యూల్ మే అని అన్నయ్య, చర్చి పాస్టర్, బానిసత్వం పోవాలని పోరాడినవాడు, అప్పుల గురించీ భర్త సంపాదించకపోవడం గురించీ ఆవిడ ఆయనకి మొహమాటం లేకుండా రాసుకుంది. పంపినవాళ్ల దగ్గర పోయిన ఉత్తరం అందుకున్నవాళ్ల దగ్గర మిగలడం మామూలే, ఈ ఒక్క అలవాటుతో సగం ఖాళీలు పూడతాయి. మిగిలిన డైరీ ముక్కల్లో 1843 ఆగస్టుది ఒకటుంది, మిస్ పేజ్ అనే ఆవిడ అన్న మాట నిజమేనంటూ రాసుకుంది, ఆడది బతుకంతా త్యాగం చేసి ఆడదానిగానే పోతుంది, మగాడు కొన్నేళ్లు నిరాడంబరంగా ఉండి చూసి తనే దేవుణ్ణంటాడు అనే అర్థంలో. ఆ ఫారం సంగతి మగవాళ్లు రాసినదాంట్లోంచే చదివితే ఈ కోపం మనకి దొరకదు.

ఈ వారం పని: చీనీ అచ్చేసిన పుస్తకం నెట్‌లో ఫ్రీగా ఉంది, అందులో ఫ్రూట్‌లాండ్స్ రోజుల డైరీ తెరవండి. ఒక్కో ఎంట్రీ పక్కన మూడు గళ్లు గీసుకోండి, రాసింది ఎవరు, ఎప్పుడు, ఎవరు చదువుతారని. మూడో గడిలో నాన్న, అమ్మ, ఎవరూ కాదు అని మూడు రకాల జవాబులు వస్తాయి, ఎవరూ కాదు అని రాసిన చోటల్లా అలా ఎందుకనుకున్నారో ఒక లైన్ రాయండి, రాయలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి.