పదో తరగతి పిల్లలున్న ఇంట్లో అమ్మానాన్నలకి పాఠాలు – 4వ భాగం: దిద్దిన పేపర్‌ని పిల్లలతో కలిసి చూడటం

పోయిన మూడు భాగాల్లో నిద్ర గురించి, ఇంట్లో చదువుకునే చోటు గురించి, ఫోన్ గురించి మాట్లాడుకున్నాం కదా. నా దృష్టిలో ఈ భాగం వాటన్నిటికంటే ముఖ్యం. ఇప్పుడు ఫిబ్రవరి, ప్రీ-ఫైనల్ పేపర్లు దిద్ది చేతికిచ్చే రోజులు, మార్చి మధ్యకల్లా అసలు పరీక్షలు వచ్చేస్తాయి. ఈ నాలుగైదు వారాల్లో పిల్లలకి కొత్తగా లెక్కలో సైన్సో నేర్పడం మన వల్ల అయ్యే పని కాదు. కానీ దిద్దిన పేపర్ ముందు పెట్టుకుని మార్కులు ఎక్కడెక్కడ పోయాయో వాళ్లతో కలిసి చూడటం ఏ అమ్మానాన్నలైనా నేర్చుకోగలిగిందే, ఇంగ్లీషు రాకపోయినా సరే.

ముందు నా సంగతి చెప్తా. మా పెద్దమ్మాయి టెన్త్ అప్పుడు నేను ప్రోగ్రెస్ కార్డు మీద అంకె తప్ప ఇంకేం చూడలేదు. మాథ్స్ 61 అని ఉంది, అంతే, గుమ్మంలో నిలబెట్టే మొదలుపెట్టా, ట్యూషన్ ఫీజుల దగ్గర్నుంచి పక్కవీధి పిల్లకొచ్చిన మార్కుల దాకా అన్నీ ఏకరువు పెట్టా, అది ఒక్క మాట కూడా తిరిగి అనకుండా లోపలికి వెళ్లిపోయింది. పేపర్లు నాకు చూపించనే లేదు. పరీక్షలన్నీ అయ్యాక ఇల్లు సర్దుతుంటే పరుపు కింద కట్టగా దొరికాయి, అప్పుడు కూర్చుని ఒక్కోటీ తిరగేశా. ఆ మాథ్స్ పేపర్లో పోయిన మార్కుల్లో సగం దానికి తెలిసిన లెక్కల్లో పోయినవే, ఒకచోట బొమ్మ గీయలేదు, ఒకచోట ప్రశ్న నెంబరు తప్పేసింది. నెల ముందు ఇద్దరం కలిసి చూసుంటే ఎంత బావుండేదో. ఆ పరుపు కింద కట్ట గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది, అందుకే మావాడి దగ్గరకొచ్చేసరికి పద్ధతి మార్చా. అదే మీకూ చెప్తున్నా.

మొట్టమొదటిది ఏంటంటే, పేపర్ ఇచ్చిన రోజు పేపర్ చూడొద్దు. నిజంగానే. వాళ్లు స్కూల్ నుంచి వచ్చేసరికే మార్కులు తెలిసుంటాయి, క్లాసులో అందరి ముందూ చదివేసుంటారు, దారిలో ఫ్రెండ్స్‌తో పోల్చుకుని ఉంటారు, ఇంటికొచ్చేసరికే సగం అలిసిపోయి ఉంటారు. "ఇచ్చారా? సరే, పెట్టుకో నాన్నా, ఆదివారం చూద్దాం, ముందు అన్నం తిను." అంతవరకే. ఈ ఒక్క మాటకే వాళ్ల భుజాలు ఎలా దిగుతాయో మీరే చూస్తారు. ఇంట్లో ఇంకో పెద్దవాళ్లుంటే, అంటే నాన్న గానీ తాతయ్య గానీ, వాళ్లకి ముందే చెప్పుంచండి. ఒకరు ఊరుకుని ఇంకొకరు మొదలుపెడితే మొత్తం పాడైపోతుంది, మా ఇంట్లో ఒకసారి అలాగే అయింది.

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక కూర్చోండి. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన. ఎదురుగా కూర్చుంటే అది విచారణలాగే ఉంటుంది. నేనైతే చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూశా, ఇది కావాలని చేసిన పనే, చేతులకి పనుంటే మన నోరు కాస్త ఆగుతుంది, వాళ్లకి కూడా మన చూపు తమ మొహం మీద లేదు కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది. వాడి చేతిలో పెన్సిల్, పక్కన ఒక తెల్ల కాగితం. రెడ్ పెన్ను మాత్రం వద్దు.

ఇక అసలు పని. వచ్చిన మార్కుల జోలికి పోకండి, పోయిన మార్కుల్ని మూడు కుప్పలు చెయ్యాలి. తెలియక పోయినవి ఒక కుప్ప. తెలిసి కూడా పోయినవి రెండోది. టైం చాలక పోయినవి మూడోది. ఏ మార్కు ఏ కుప్పలోకి వెళ్తుందో పిల్లలే చెప్పాలి, మనం కాదు. ఇది మరిచిపోతే ఇక పాఠమంతా వృథా. ప్రతి ప్రశ్న దగ్గరా మనం అడగాల్సింది ఒక్కటే: "ఇది రాసేటప్పుడు ఏం అనుకున్నావు?" అంతేగానీ "ఎందుకు తప్పు చేశావు" అని కాదు. "ఎందుకు" అనగానే ఏ పిల్లలైనా సాకు వెతుక్కుంటారు, "ఏం అనుకున్నావు" అంటే జరిగింది చెప్తారు. అడిగాక ఊరుకోవాలి, ఇదే అన్నిటికంటే కష్టం, ఒక్కోసారి నిమిషం పాటు ఏమీ మాట్లాడరు, ఆ నిమిషం మన నోరు కట్టేసుకోవాలి.

ఒక లెక్క దగ్గర మా ఇద్దరి మధ్యా ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తా. నాలుగు మార్కుల ప్రశ్న, వర్గ సమీకరణం, 2ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ ప్లస్ 3 ఈక్వల్ టు సున్నా, మూలాలు కనుక్కోమన్నారు. వాడు "నో రియల్ రూట్స్" అని రాసి కింద గీత కొట్టి వదిలేశాడు, ఒక్క మార్కు వేశారు.

"ఇక్కడ ఏం అనుకున్నావురా?"

"డిస్క్రిమినెంట్ మైనస్ వచ్చిందమ్మా, మైనస్ వస్తే రూట్స్ ఉండవు కదా, అందుకే ఆపేశా."

"ఎలా వచ్చిందో నాకు ఒకసారి చెప్పు, నాకేం గుర్తులేదు."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు, డిస్క్రిమినెంట్ అంటే బి స్క్వేర్ మైనస్ 4ఏసీ, బి అంటే మైనస్ 5, దాని స్క్వేర్, అని ఒక్కసారి ఆగిపోయాడు. పేపర్లో మైనస్ 25 అని ఉంది. దాంట్లోంచి 24 తీసి మైనస్ 49 అని వేసేశాడు. "అయ్యో, ప్లస్ 25 కదా!" అని వాడే పెన్సిల్ తీసుకుని పక్కన చేసేశాడు, డిస్క్రిమినెంట్ 1, మూలాలు ఒకటీ, మూడు బై రెండూ, అర నిమిషం కూడా పట్టలేదు. ఆ మూడు మార్కులూ రెండో కుప్పలోకి వెళ్లాయి. నాకు ఆ లెక్క రాదు, ఎప్పుడో మర్చిపోయా. రాకపోవడమే మంచిదైంది అనిపిస్తుంది, వస్తే నేనే తప్పు పట్టుకుని చూపించేసేదాన్ని, వాడికి వాడే పట్టుకున్న తప్పు మళ్లీ చెయ్యడు.

అందుకే మీరు ఏడో క్లాసు వరకే చదివినా, తెలుగు మీడియంలో చదివినా, అసలు చదువుకోకపోయినా ఈ పని మీ వల్ల అవుతుంది. "నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా" అనడమే మీ అర్హత. చెప్తూ చెప్తూ తడబడిన చోటే ఏదో ఉందని మీకు కూడా తెలిసిపోతుంది, సబ్జెక్టు రాకపోయినా గొంతు తెలుస్తుంది కదా.

ఆ రోజు మావాడి మాథ్స్ మార్కులు నూటికి 58, పోయినవి 42. కుప్పలు చేస్తే తెలియక పోయినవి 14, తెలిసి పోయినవి 15, టైం చాలక 13. ముందు రోజు దాకా "నాకు మాథ్స్ రాదమ్మా" అన్న పిల్లాడు ఆ కాగితం వైపు చూసి "అయితే రానివి పద్నాలుగేనా" అన్నాడు. ఆ మాట కోసమే ఇదంతా. పెద్ద కొండలా కనిపించేది చేతికందే మూడు చిన్న పనులుగా విడిపోయింది.

ఇప్పుడు ఒక్కో కుప్పతో ఏం చెయ్యాలో చూద్దాం. రెండోదాంతోనే మొదలుపెట్టండి, అక్కడే మార్కులు తొందరగా వెనక్కి వస్తాయి. మావాడివి చూస్తే, గ్రాఫులో స్కేలు రాయలేదు, రెండు గీతలు కలిసిన చోట జవాబు విడిగా రాయలేదు, సరూప త్రిభుజాల ప్రూఫ్‌కి బొమ్మ లేదు, ఘనపరిమాణానికి చదరపు సెంటీమీటర్లు అని వేశాడు, రెండు బిట్లకి నెంబర్లు అటూఇటూ అయ్యాయి. ఇవన్నీ వాడి చేత్తోనే ఒక చిన్న కాగితం మీద రాయించి పరీక్ష ప్యాడ్‌కి వెనకాల అంటించాం, ప్రతి స్లిప్ టెస్టుకి ముందు ఒకసారి చూసుకునేవాడు. అసలు పరీక్షకి మాత్రం దాన్ని పీకేసి ఖాళీ ప్యాడ్ పంపాలి, ఇది గుర్తుపెట్టుకోండి, ప్యాడ్ మీద ఒక్క అక్షరం ఉన్నా హాల్లో ఇబ్బంది.

టైం కుప్పకి గడియారమే మందు. ఆంధ్రాలో మాథ్స్ పేపర్ నూరు మార్కులకి, ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పొద్దున 9:30 నుంచి 12:45 దాకా ఉంటుంది, అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోడానికి, రాయడానికి 3 గంటలు. ఎనిమిది మార్కులవాటికి ఒక్కోదానికి 13 నిమిషాలు, నాలుగు మార్కులవాటికి 7, రెండు మార్కులవాటికి 3, బిట్లకి నిమిషం చొప్పున వేసుకుంటే మొత్తం 157 నిమిషాలు, ఇంకా 23 నిమిషాలు చేతిలో ఉంటాయి. ఈ లెక్క పిల్లలతోనే వేయించండి. మావాడికి టైం చాలకపోవడానికి కారణం ఒకే ఒక్క లెక్క దగ్గర అరగంట కూర్చోవడం, రాకపోతే వదిలేసి ముందుకెళ్లడం అవమానం అనుకున్నాడట. ఎనిమిది మార్కుల ప్రశ్నలకి ఏ, బి అని ఛాయిస్ ఉంటుంది, మొదటి పావుగంటలోనే ఏది రాయాలో పెన్సిల్‌తో టిక్ కాకుండా మనసులోనే అనుకోమని చెప్పా, ప్రశ్నపత్రం మీద గీతలు గీయకపోవడమే మేలు. తెలంగాణలో రాతపరీక్ష 80కి, ఇంటర్నల్స్ 20 కాబట్టి అక్కడివాళ్లు వాళ్ల పేపర్‌ని బట్టి నిమిషాలు వేసుకోండి, అక్కడ బిట్ పేపర్‌కే 20 మార్కులున్నాయి, అది చివర్లో హడావిడి పడే చోటు.

తెలియనివాటి కుప్ప చివర చూడండి. అన్నీ నేర్చేసుకోవాలని కూర్చోకండి, రెండు టాపిక్స్ చాలు. ఏవి అనేది పిల్లల్నే ఎంచుకోనివ్వండి, తర్వాత సబ్జెక్టు సార్‌ని గానీ మేడమ్‌ని గానీ కలిసి "మావాడికి ఎత్తులు-దూరాల లెక్కలు మొదట్నుంచీ ఒకసారి చెప్తారా" అని అడగండి. "మావాడు ఎలా చదువుతున్నాడండీ" అని అడిగితే "ఇంకా కష్టపడాలి" అనే వస్తుంది, ఫలానా లెక్క అని అడిగితే వాళ్లు కూడా ఆగి చెప్తారు.

పాస్ మార్కుల దగ్గర ఊగిసలాడుతున్న పిల్లలుంటే ఆ ఇంట్లో లెక్క వేరు. మాథ్స్‌లో 35 రావాలి. 12 బిట్లు, 8 రెండు మార్కులవి కలిపితే 28, ఇంకో రెండు నాలుగు మార్కులవి సరిగ్గా పడితే 36. అంటే ఎనిమిది మార్కుల ప్రశ్న ఒక్కటి కూడా ముట్టుకోకుండానే గట్టెక్కొచ్చు. అన్ని బిట్లూ కరెక్ట్ అవుతాయని కాదు, కానీ ఈ లెక్క చూపిస్తే "నా వల్ల కాదు" అనే పిల్లలు కూడా పుస్తకం తీస్తారు, మా చుట్టాలమ్మాయి విషయంలో కళ్లారా చూశా.

హాస్టల్లో ఉన్న పిల్లలైతే ఔటింగ్ రోజు పేపర్లు తెమ్మనండి, కుదరకపోతే ఫోన్లోనే, ఒక్క సబ్జెక్టు చాలు. వాళ్లకి ఇచ్చే ఆ పది నిమిషాల ఫోన్‌లో మొదటి ఐదు నిమిషాలు తిండి, నిద్ర, ఫ్రెండ్స్ గురించే మాట్లాడండి.

ఇంకో మాట, ఇది పాఠం కంటే పెద్దది. కుప్పలు చేస్తుంటే పిల్లలు ఏడవొచ్చు, ఏడవనివ్వండి, పేపర్ మూసేసి పక్కన కూర్చోండి. కానీ కొన్ని రోజులుగా అన్నం సహించకపోవడం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, ఇష్టమైనవాళ్లతో కూడా మాట్లాడకపోవడం, లేదా "నేనుండి ఏం లాభం" లాంటి మాట ఒక్కసారి వినిపించినా సరే, ఇక పేపర్లు లేవు మార్కులు లేవు, అన్నీ ఆపేయండి. "అలా అనకూడదు" అని కొట్టిపారేయకండి, ఏం అనిపిస్తుందో అడగండి, చచ్చిపోవాలని అనిపిస్తుందా అని సూటిగానే అడగండి, అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు కాదు. ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ నెంబర్ 14416, ప్రభుత్వానిది, ఫ్రీ, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడతారు, పిల్లలే కాదు మీరు కూడా చెయ్యొచ్చు. పరీక్ష పోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, ఆ ఏడాదే రాసి ఆ ఏడాదే ఇంటర్‌లో చేరొచ్చు, ఈ సంగతి ఫలితాలొచ్చాక కాదు, ఇప్పుడే, మామూలుగా భోజనాల దగ్గర వాళ్ల చెవిన పడేలా చెప్పండి.

ఈ వారం మీరు చెయ్యాల్సింది: ఒక్క సబ్జెక్టు పేపర్, ఒక్క ఆదివారం, గంటకి మించొద్దు. కూర్చునే ముందు ఫోన్లు వేరే గదిలో పెట్టండి, మీది కూడా. అయిపోయాక మూడు అంకెలూ ఉన్న ఆ కాగితం వాళ్ల దగ్గరే ఉంచండి, ఫ్రిజ్ మీద అంటించడం, బాబాయికి ఫోన్లో చదివి వినిపించడం వద్దు. అన్ని సబ్జెక్టులూ ఒకేరోజు పెట్టుకోకండి, మొదట్లో నేనూ ఆ ఆత్రం పడ్డా, రెండో పేపర్‌కే వాడి మొహం వాడిపోయింది. రెండో ఆదివారం సైన్స్ తీయండి, ఈసారి కుప్పలు వాళ్లే చేస్తారు, మీరు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వింటే చాలు.

5వ భాగం హాల్ టికెట్లు చేతికొచ్చే వారంలో: సెంటర్ ముందే వెళ్లి చూసిరావడం, పరీక్ష ముందు రాత్రి, పరీక్ష రాసొచ్చిన పిల్లల్ని గుమ్మంలో ఏం అడగాలి.